మార్కప్ పదజాలానికి స్పెసిఫికేషన్ రాయడం: అర్థం ఎంతవరకు, ప్రాసెసింగ్ ఎంతవరకు?

పాఠంలోని భాగాలకు ట్యాగులు (పేరున్న గుర్తులు) పెట్టే పద్ధతి అయిన ఎక్స్‌ఎంఎల్‌లో సొంతంగా పదజాలం, అంటే ట్యాగుల సముదాయం, తయారు చేసుకునే బృందాలు తరచూ ఒకే చోట ఆగిపోతాయి. ట్యాగుల పేర్లు కుదురుతాయి, ఏ ట్యాగు ఎక్కడ రావచ్చో చెప్పే స్కీమా సిద్ధమవుతుంది. ఆ తర్వాత స్పెసిఫికేషన్‌లో, అంటే ఆ పదజాలపు నియమాల పత్రంలో, ఒక్కో ట్యాగు కింద ఏం రాయాలన్న దగ్గర వాదన మొదలవుతుంది. ‘ఈ ట్యాగుకు అర్థం ఇదని చెప్పి వదిలేద్దాం, దానితో ఏం చేసుకుంటారో ప్రోగ్రాములు రాసేవారి ఇష్టం’ అంటుంది ఒక వర్గం. ‘అర్థాలతో పని జరగదు, ఈ ట్యాగు ఎదురైతే ప్రోగ్రాము ఏం చేయాలో చెప్పండి’ అంటుంది రెండో వర్గం.

పదజాలం మొత్తానికి ఒకే జవాబు వెతకడం వల్లే ఈ వాదన తెగదు. అర్థం పత్రం రాసేవారికి చెప్పే మాట. ప్రాసెసింగ్, అంటే ట్యాగు ఎదురైతే ఏం చేయాలన్నది, ప్రోగ్రాము రాసేవారికి చెప్పే మాట. అందుకే ట్యాగుల వారీగా తేల్చుకోవాలి. నా లెక్క ప్రకారం దాదాపు ప్రతి ట్యాగుకూ అర్థం రాయాల్సిందే. ప్రాసెసింగ్‌ను మాత్రం, రెండు ప్రోగ్రాములు రెండు రకాలుగా నడుచుకుంటే ఎవరికైనా నష్టం జరిగే చోటే తప్పనిసరి చేయాలి.

ఆ పని వరుసగా ఎలా చేయాలో చూద్దాం. ఉదాహరణకు, యంత్రాలను వాడే విధానం చెప్పే సూచనల పత్రాల కోసం ఒక చిన్న పదజాలం అనుకుందాం. అందులో ‘అడుగు’, ‘హెచ్చరిక’, ‘విడిభాగం’, ‘గడువు’ అనే ట్యాగులున్నాయి. ఎక్స్‌ఎంఎల్ ట్యాగుల పేర్లను తెలుగు లిపిలో పెట్టుకోవచ్చు కాబట్టి అలాగే రాస్తున్నాను.

1. ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

మొదటి పని, మీ స్పెసిఫికేషన్ ఎవరికి నియమాలు పెడుతుందో జాబితా వేయడం. వెబ్ పేజీలు రాసే భాష అయిన హెచ్‌టీఎంఎల్ ప్రమాణం ఈ పని బాగా చేసింది. పత్రాలకు, బ్రౌజర్లకు, తనిఖీ సాధనాలకు, రచనా సాధనాలకు విడివిడిగా నియమాలు పెట్టింది. చిన్న పదజాలానికైనా ఈ జాబితా కావాలి:

- పత్రం రాసేవారు, వారు వాడే రచనా సాధనాలు
- పత్రాన్ని చూపే లేదా చదివి వినిపించే ప్రోగ్రాములు
- తప్పొప్పులు చూసే తనిఖీ ప్రోగ్రాములు
- ఒక రూపం నుంచి మరో రూపానికి మార్చే ప్రోగ్రాములు
- పత్రాల్లోంచి సమాచారం ఏరుకునే ప్రోగ్రాములు

ఇక మీదట మీరు రాసే ప్రతి నియమానికీ కర్త ఈ జాబితాలోంచే రావాలి. ‘గడువు స్పష్టంగా కనిపించాలి’ అని రాస్తే ఆ బాధ్యత ఎవరిదో తేలదు. రాసేవారు స్పష్టంగా రాయాలా, ప్రోగ్రాము స్పష్టంగా చూపాలా? కర్త లేని వాక్యాన్ని ప్రతివారూ ఎదుటివారి పని అనుకుంటారు.

రెండో పని, నిజమైన పత్రాలు సేకరించడం. చక్కగా ఉన్నవాటినే కాక అడ్డదిడ్డంగా ఉన్నవాటినీ తీసుకోండి. హెచ్చరిక లోపల మరో హెచ్చరిక ఉన్నది, అడుగుల మధ్య సంబంధం లేని పేరా దూరినది, గడువు ‘వీలైనంత త్వరగా’ అని రాసి ఉన్నది. మీ నిర్వచనాలు నిలుస్తాయో లేదో తేల్చేవి ఇవే.

2. ప్రతి ట్యాగునూ మూడు ప్రశ్నలు అడగండి

మొదటి ప్రశ్న: తెర వైపు చూడకుండా, విషయాన్ని మాత్రమే చదివి, ఈ ట్యాగును సరైన చోట వాడారో లేదో మనిషి చెప్పగలడా?

చెప్పగలిగితే దానికి అర్థం ఉంది, రాయండి. చెప్పలేకపోతే ఆ ట్యాగు రూపాన్నో చర్యనో సూచిస్తోంది. రూపమైతే స్టైల్‌షీటుకు (రూపాన్ని విడిగా రాసే ఫైలుకు) పంపండి. చర్య అయితే చర్యగానే నిర్వచించండి, లేని అర్థాన్ని దానికి తగిలించవద్దు.

రెండో ప్రశ్న: ఒకే పత్రాన్ని రెండు ప్రోగ్రాములు తీసుకుని రెండు రకాలుగా నడుచుకుంటే నష్టం ఎవరికి?

ఎవరికీ నష్టం లేకపోతే ప్రాసెసింగ్ గురించి తప్పనిసరి నియమం రాయవద్దు. ఇందుకు మంచి ఉదాహరణ హెచ్‌టీఎంఎల్‌లో భాషను తెలిపే ‘ల్యాంగ్’ ఆట్రిబ్యూట్ (ట్యాగులో రాసే అదనపు వివరం). ‘ఈ భాగం ఫలానా భాషలో ఉంది’ అన్నదే దాని సారం. ఆ ఒక్క మాట మీద ఆధారపడి తెర మీది పాఠాన్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్లు ఉచ్చారణ మార్చుకుంటాయి, బ్రౌజర్లు పదాలను వరుస చివర విరుస్తాయి, అక్షరదోషాల తనిఖీ సరైన నిఘంటువును ఎంచుకుంటుంది. ఈ ఉపయోగాలన్నింటినీ మొదటే జాబితాగా రాసి, అవి తప్ప మరేమీ చేయరాదని ఉంటే వాటిలో సగం పుట్టేవే కావు.

మూడో ప్రశ్న: ప్రోగ్రాము ఏదో చేస్తుందన్న నమ్మకంతో రాసేవారు ఏదైనా రాయకుండా వదిలేస్తున్నారా?

ఈ ప్రశ్నను చాలామంది అడగరు. నా దృష్టిలో మూడింటిలోకీ ముఖ్యమైనది ఇదే. హెచ్‌టీఎంఎల్‌లో చిన్న ఉల్లేఖనలకు ‘క్యూ’ అనే ట్యాగు ఉంది. 1999 నాటి హెచ్‌టీఎంఎల్ 4.01, ఉల్లేఖన చిహ్నాలను బ్రౌజరే చేర్చాలని, రాసేవారు వాటిని పెట్టకూడదని చెప్పింది. అప్పట్లో విరివిగా వాడుకలో ఉన్న ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 8వ వెర్షన్ వచ్చేదాకా వాటిని చేర్చలేదు. నియమం పాటించినవారి పేజీల్లో చిహ్నాలు మాయమయ్యాయి, ఎవరి మాట ఎక్కడ ముగిసిందో పాఠకుడికి తెలియకుండా పోయింది. అర్థం సరిగ్గానే ఉంది, ప్రాసెసింగ్ నియమమూ ఉంది. అమలు లేకపోవడంతో నష్టం పాఠకుడి మీద పడింది.

మన పదజాలంలోనూ ఇలాంటి గుంత ఒకటి ఉంది. ‘అడుగు’ ట్యాగుకు సంఖ్యలు ప్రోగ్రామే వేస్తుందని ఊహించి రచయిత సంఖ్య రాయరు. కానీ కిందెక్కడో పాఠంలో ‘3వ అడుగు మళ్లీ చేయండి’ అని రాస్తారు. ఉప అడుగులను ఒక ప్రోగ్రాము కలిపి లెక్కిస్తే, మరొకటి వదిలేసి లెక్కిస్తే 3వ అడుగు రెండు చోట్ల రెండు వేర్వేరు పనులవుతుంది. కాబట్టి లెక్క ఎలా వేయాలో తప్పనిసరి చేయండి, లేదా అడుగును సూచించడానికే ఒక ట్యాగు ఇచ్చి, పాఠంలో సంఖ్య రాయవద్దని చెప్పండి. నేనైతే రెండోదాన్నే ఎంచుకుంటాను.

మూడు జవాబులూ వచ్చాక ట్యాగులు మూడు గుంపులవుతాయి:

- అర్థం మాత్రమే చాలినవి: ‘విడిభాగం’ లాంటివి
- అర్థంతో పాటు తప్పనిసరి ప్రాసెసింగ్ కావాల్సినవి: ‘హెచ్చరిక’, ‘అడుగు’
- ప్రాసెసింగ్ తప్ప అర్థమేమీ లేనివి: మరో ఫైలును తెచ్చి ఇక్కడ చేర్చమనే ట్యాగు లాంటివి. ఎక్స్‌ఇన్‌క్లూడ్ ప్రమాణం అంతా ఈ కోవదే, అందులో తప్పేమీ లేదు.

3. అర్థాన్ని ఇలా రాయండి

అర్థం అంటే పత్రం రాసినవారు చేస్తున్న ఒక ప్రకటన. ‘ముఖ్యమైన విషయాలకు ఈ ట్యాగు వాడాలి’ అన్నది ప్రకటన కాదు. ఏది ముఖ్యమో ఒక్కొక్కరికి ఒక్కోలా తోస్తుంది. ‘ఇక్కడ చెప్పింది పాటించకపోతే మనిషికి గాయమయ్యే ప్రమాదం ఉందని రచయిత చెబుతున్నారు’ అని రాస్తే దాన్ని నిజమో కాదో చూడవచ్చు.

ప్రతి అర్థానికీ హద్దులు కూడా రాయాలి. దేనికి వాడరాదో చెప్పని నిర్వచనం త్వరలోనే సాగిపోతుంది. హెచ్‌టీఎంఎల్‌లోని ‘సైట్’ (cite) ట్యాగునే చూడండి. 4.01లో దాని నిర్వచనం, ఉల్లేఖన లేదా ఆధారాన్ని సూచించేదని ఒక్క ముక్కలో ఉంది. జనం దాన్ని రచన పేరుకూ వాడారు, రచయిత పేరుకూ వాడారు. తర్వాతి ప్రమాణం దాన్ని రచన పేరుకే పరిమితం చేస్తే, అప్పటికే వెబ్‌లో ఉన్న పాత పేజీలు కొత్త నిర్వచనానికి విరుద్ధంగా మిగిలాయి.

లేకపోవడానికి అర్థం ఏమిటన్నది ఇంకా ఎక్కువమంది మరిచిపోతారు. ‘గడువు’ లేని అడుగుకు గడువు అక్కర్లేదనా, రచయితకు తెలియదనా? ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. బొమ్మకు బదులు వినిపించే మాటలు రాసే హెచ్‌టీఎంఎల్ ‘ఆల్ట్’ ఆట్రిబ్యూట్‌లో ఈ తేడా చక్కగా కనిపిస్తుంది. విలువ ఖాళీగా ఉంటే అది అలంకారపు బొమ్మ, వినిపించాల్సిన పని లేదు. ఆట్రిబ్యూటే లేకపోతే బొమ్మలో ఏముందో పత్రం చెప్పలేదని అర్థం. స్క్రీన్ రీడర్లు ఈ రెంటినీ వేర్వేరుగా చూస్తాయి.

అర్థం రాయడం పూర్తయిందనుకునే ముందు చూసుకోవాల్సినవి:

- ఒక సరైన ఉదాహరణ, చూడగానే సరైనదే అనిపించే ఒక తప్పు ఉదాహరణ ఉన్నాయా?
- ఆట్రిబ్యూట్ ప్రభావం ఎంత భాగానికి వర్తిస్తుందో, లోపలి ట్యాగులకు కూడా వస్తుందో లేదో చెప్పారా?
- ఒకదానిలో ఒకటి ఇమిడితే అర్థం మారుతుందా? హెచ్చరికలో హెచ్చరిక ఉంటే తీవ్రత పెరిగినట్టా?
- లేకపోతే ఏమిటి, ఖాళీగా ఉంటే ఏమిటి?
- నిర్వచనంలో రంగు, ఫాంటు, తెర, క్లిక్ అనే మాటలు దొర్లాయా?

4. ప్రాసెసింగ్‌లో ఫలితం చెప్పండి, పద్ధతి వదిలేయండి

ప్రాసెసింగ్ రాయాల్సి వచ్చినప్పుడు చాలామంది తమ ప్రోగ్రాము లోపల జరిగేదంతా స్పెసిఫికేషన్‌లోకి దించేస్తారు. అది మరొకరి చేతులు కట్టేయడమే. బయటి నుంచి చూసి పోల్చగలిగిన ఫలితాన్ని మాత్రమే నియమం చేయండి.

అడుగడుగునా విధానం రాయక తప్పని సందర్భాలూ ఉంటాయి. హెచ్‌టీఎంఎల్ పార్సింగ్ (పాఠాన్ని చదివి ట్యాగులుగా విడదీయడం) అలాంటిదే. ఆ ప్రమాణం చాలా నియమాలను అల్గారిథంల రూపంలో రాసి, తుది ఫలితం సమానంగా ఉంటే ఎలా అమలు చేసినా ఫర్వాలేదని ఒక వాక్యం చేర్చింది. మీ స్పెసిఫికేషన్‌లోనూ ఆ వాక్యం పెట్టండి.

తర్వాత, బలాన్ని బట్టి నియమాలను మూడు స్థాయిలుగా విడదీయండి: తప్పనిసరి, బలమైన కారణం ఉంటే తప్ప పాటించాల్సినది, ఐచ్ఛికం. ఆర్‌ఎఫ్‌సీలు ఇంటర్నెట్ ప్రమాణాల వరుసలోని పత్రాలు. 1997లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2119 ఈ స్థాయిలకు స్థిరమైన మాటలు నిర్ణయించింది. 2017లో ఆర్‌ఎఫ్‌సీ 8174, ఆ మాటలు పెద్దక్షరాల్లో ఉన్నప్పుడే ఆ బలం వర్తిస్తుందని స్పష్టం చేసింది. తెలుగు లిపిలో పెద్దక్షరాలు లేవు కాబట్టి మూడు పదబంధాలను ముందే ప్రకటించి, నియమాల్లో వాటిని బొద్దు అక్షరాల్లో చూపండి. మామూలు వివరణలో వాటిని వాడకండి.

చూపే తీరు గురించి చెప్పాలనిపిస్తే, సాంకేతిక పుస్తకాల కోసం తయారైన డాక్‌బుక్ పదజాలం పద్ధతి అనుసరించదగ్గది. దాని మార్గదర్శిలో ట్యాగుల వివరణలో ‘ప్రాసెసింగ్ అంచనాలు’ అని విడిగా ఒక చిన్న భాగం ఉంటుంది. పేరాలా విడిగా చూపాలా, వాక్యంలో కలిసిపోయేలా చూపాలా లాంటి విషయాలే అందులో ఎక్కువగా ఉంటాయి. అర్థం ఒక చోట, అంచనా మరో చోట ఉండటం వల్ల చదివేవారు రెంటినీ కలగాపులగం చేసుకోరు.

5. తెలియని ట్యాగు, తప్పు పత్రం: ఇక్కడ ప్రాసెసింగ్ తప్పనిసరిగా రాయాలి

అర్థాలు మాత్రమే చాలని గట్టిగా నమ్మేవారు కూడా ఈ ఒక్క చోట మనసు మార్చుకోవాలి. తప్పు పత్రానికి అర్థం ఉండదు, కానీ అది ఏదో ఒక రోజు ప్రోగ్రాము ముందుకు వచ్చి తీరుతుంది. అప్పుడు ఏం చేయాలో మీరు చెప్పకపోతే ఎక్కువమంది వాడే ప్రోగ్రాము చేసిందే నియమమైపోతుంది.

హెచ్‌టీఎంఎల్‌కు జరిగింది ఇదే. 4.01 తప్పు పత్రాల సంగతి తేల్చలేదు. ‘బి’ (బొద్దు అక్షరాల) ట్యాగు తెరిచి, లోపల ‘ఐ’ (వాలు అక్షరాల) ట్యాగు తెరిచి, ముందు ‘బి’ మూసి తర్వాత ‘ఐ’ మూస్తే ఒక్కో బ్రౌజర్ ఒక్కో రకం చెట్టు (ఏ ట్యాగు లోపల ఏది ఉందో చూపే అమరిక) కట్టేది. కొత్త బ్రౌజర్ రాసేవారు పాత బ్రౌజర్ల ప్రవర్తనను శోధించి అనుకరించాల్సి వచ్చింది. 2014లో సిఫార్సుగా వెలువడిన హెచ్‌టీఎంఎల్5, ఎలాంటి పాఠం వచ్చినా ఏ చెట్టు కట్టాలో నిర్దేశించింది. 1998 నాటి ఎక్స్‌ఎంఎల్ దీనికి పూర్తి వ్యతిరేక దారి పట్టింది. నిర్మాణం తప్పితే మామూలు ప్రాసెసింగ్ ఆపేయాలంది. రెండు దారులూ పనిచేస్తాయి, ఎందుకంటే రెండూ స్పష్టంగా రాసి ఉన్నాయి.

తెలియని ట్యాగు విషయంలో ఎంచుకోదగ్గ దారులు నాలుగు:

- ట్యాగును వదిలేసి లోపలి పాఠాన్ని ఉంచడం. హెచ్‌టీఎంఎల్ దారి ఇదే. చదివే పాఠానికి బాగుంటుంది, మిగతావాటికి బాగుండదు. తొలి రోజుల్లో స్క్రిప్టులు తెలియని బ్రౌజర్లు ఆ కోడును పేజీలో పాఠంగా చూపేవి, అందుకే జనం స్క్రిప్టును వ్యాఖ్య గుర్తుల మధ్య దాచేవారు.
- ట్యాగునూ లోపలిదాన్నీ కలిపి వదిలేయడం. డేటాకు ఇది నయం.
- అక్కడే ఆగిపోవడం. తెలియకుండా ముందుకు పోతే ప్రమాదమైన చోట ఇదే సరైనది. ప్రోగ్రాములు ఒకదానికొకటి సందేశాలు పంపుకునే సోప్ ప్రమాణంలో ‘మస్ట్ అండర్‌స్టాండ్’ గుర్తు పెట్టిన శీర్షిక అర్థం కాకపోతే స్వీకర్త పని ఆపి లోపం తెలపాలి.
- ప్రత్యామ్నాయం పత్రంలోనే ఇవ్వడం. ఎక్స్‌ఎంఎల్ పత్రాలను మరో రూపానికి మార్చే భాష ఎక్స్‌ఎస్‌ఎల్‌టీలోని ‘ఫాల్‌బ్యాక్’ ఇందుకే ఉంది.

ఒక్కటే ఎంచుకోవాలని లేదు. వెబ్‌సైట్లలోని కొత్త విషయాల జాబితాల (ఫీడ్ల) కోసం 2005లో వచ్చిన ఆటమ్ ప్రమాణం, అనుమతి ఉన్న చోట బయటి ట్యాగులు కనిపిస్తే ప్రోగ్రాము ఆగకూడదు, లోపం చూపకూడదు అని చెప్పి, తన సొంత ట్యాగులకు కచ్చితమైన నియమాలు పెట్టుకుంది. మన సూచనల పత్రాల్లోనూ తెలియని ట్యాగు అయితే లోపలి పాఠం ఉంచమనవచ్చు, హెచ్చరికకు తెలియని తీవ్రత విలువ వస్తే అత్యంత తీవ్రమైనదిగా భావించమనవచ్చు.

రాసేవారి మీద పెట్టిన నిషేధం ప్రోగ్రాముకు జవాబు కాదని గుర్తుంచుకోండి. ‘రచయిత ఇలా రాయకూడదు’ అన్న ప్రతి వాక్యం పక్కనా ‘అయినా రాస్తే ప్రోగ్రాము ఇలా చేయాలి’ అన్న వాక్యం ఉండాలి.

6. పరీక్షించండి

అర్థాన్ని మనుషుల మీద, ప్రాసెసింగ్‌ను ప్రోగ్రాముల మీద పరీక్షించాలి. మీరు సేకరించిన పత్రాల్లో ఒకదాన్ని, స్పెసిఫికేషన్ రాయడంలో పాలుపంచుకోని ఇద్దరికి విడివిడిగా ఇచ్చి ట్యాగులు పెట్టమనండి. ఇద్దరూ వేర్వేరుగా పెట్టిన ప్రతి చోటా మీ నిర్వచనంలో ఒక లోటుంది. వారిని సరిదిద్దకండి, నిర్వచనాన్ని సరిదిద్దండి.

ప్రాసెసింగ్ నియమం ఒక్కోదానికి ఒక చిన్న పత్రం, దానికి రావాల్సిన ఫలితం రాసిపెట్టండి. ఒకరి కోడు మరొకరు చూడకుండా రాసిన రెండు ప్రోగ్రాములు అదే ఫలితం ఇవ్వాలి. ఇవ్వకపోతే మాటలో సందిగ్ధత ఉన్నట్టే.

ఎవరూ అమలు చేయని నియమాన్ని స్పెసిఫికేషన్‌లో ఉంచడం రాసేవారికి అపకారం. హెచ్‌టీఎంఎల్5లో శీర్షికల స్థాయిని, విభాగాలు ఒకదానిలో ఒకటి ఇమిడిన తీరును బట్టి లెక్కించే అల్గారిథం ఉండేది. దాన్ని నమ్మి కొందరు అన్ని శీర్షికలకూ మొదటి స్థాయి ట్యాగే వాడారు. స్క్రీన్ రీడర్ల వాడుకరులకు చేరే శీర్షికల వరుసను బ్రౌజర్లు ఆ ప్రకారం కట్టలేదు. 2022లో దాన్ని ప్రమాణంలోంచి తీసేశారు. అప్పటిదాకా ఆ వరుస మీద ఆధారపడి పేజీల్లో తిరిగే చూపులేనివారు ఇబ్బంది పడ్డారు. మీ నియమాన్ని అమలు చేసే ప్రోగ్రాము ఒక్కటీ లేకపోతే విడుదలకు ముందే కొట్టేయండి.

7. తరచూ జరిగే పొరపాట్లు, సవరణలు

స్కీమానే అర్థమనుకోవడం. ‘హెచ్చరిక తర్వాత అడుగు రావాలి’ అని స్కీమా చెబుతుంది. ఆ హెచ్చరిక ఆ అడుగుకే చెందుతుందా, ఆపై అడుగులన్నింటికీనా అన్నది చెప్పదు. సవరణ: స్కీమాలోని ప్రతి వరుస నియమానికీ కారణం వాక్యంలో రాయండి.

విలువ ఏ రూపంలో ఉందో చెప్పకపోవడం. ఆటమ్ లాంటిదే అయిన ఆర్‌ఎస్‌ఎస్ 2.0లో శీర్షిక సాదా పాఠమా, హెచ్‌టీఎంఎలా అన్నది తేల్చలేదు. శీర్షికలో ‘కంటే తక్కువ’ గుర్తు ఉంటే కొన్ని ప్రోగ్రాములు దాన్ని చూపేవి, కొన్ని ట్యాగు అనుకుని మింగేసేవి. ఆటమ్ ఇదే సమస్యను ‘టైప్’ అనే ఆట్రిబ్యూట్‌తో తీర్చింది. ఇక్కడ రెండో ప్రశ్నకు జవాబు ‘నష్టం ఉంది’, కాబట్టి సవరణ కూడా అదే: ప్రతి విలువ రూపాన్నీ ప్రకటించండి.

అర్థాన్ని తనిఖీ నియమంగా పొరబడటం. వస్తువుల గురించిన ప్రకటనలకు పదజాలం నిర్వచించే ఆర్‌డీఎఫ్ స్కీమాలో ఒక లక్షణానికి ‘డొమైన్’ (ఆ లక్షణం ఏ రకం వాటిదో చెప్పేది) మనిషి అని రాసి, ఆ లక్షణాన్ని ఎవరైనా యంత్రానికి వాడితే లోపం వస్తుందని చాలామంది ఎదురుచూస్తారు. రాదు. ఆ యంత్రం కూడా మనిషేనన్న నిర్ధారణ పుడుతుంది. తనిఖీ కావాలంటే తనిఖీ ప్రోగ్రాము కర్తగా మరో నియమం రాయండి.

పరీక్షించలేని ఆజ్ఞలు. ‘ప్రోగ్రాము హెచ్చరిక తీవ్రతను గ్రహించాలి’ అంటే గ్రహించిందో లేదో ఎవరు చూస్తారు? సవరణ: గ్రహిస్తే బయటికి కనిపించే తేడా ఏమిటో అదే రాయండి.

8. ఒక పూర్తి నమూనా

పై మెట్లన్నీ దాటాక ‘హెచ్చరిక’ వివరణ ఇలా తయారవుతుంది. పత్రంలో దాని వాడుక:

<హెచ్చరిక తీవ్రత="ప్రాణాపాయం">మూత తెరిచే ముందు విద్యుత్ సరఫరా ఆపండి.</హెచ్చరిక>

- అర్థం: ఇందులో చెప్పింది పాటించకపోతే మనిషికి గాయమయ్యే ప్రమాదం ఉందని రచయిత చెబుతున్నారు. తన వెంటనే వచ్చే ఒక్క అడుగుకే వర్తిస్తుంది.
- హద్దు: యంత్రం మాత్రమే పాడయ్యే ప్రమాదానికి ఇది వాడరాదు.
- తీవ్రత లేకపోతే: ఎంత ప్రమాదమో రచయిత చెప్పలేదని అర్థం. తక్కువ ప్రమాదమని కాదు.
- పత్రం రాసేవారు: ‘హెచ్చరిక!’ అన్న మాటను పాఠంలో తప్పనిసరిగా రాయాలి, ప్రోగ్రాము చేరుస్తుందని వదిలేయకూడదు.
- చూపే, వినిపించే ప్రోగ్రాములు: సంబంధిత అడుగు కంటే ముందే తప్పనిసరిగా అందించాలి. వాడుకరి నొక్కితేనే తెరుచుకునేలా దాచకూడదు. మిగతా పాఠం నుంచి వేరుగా తెలిసేలా చేయడం మంచిది. ఎలా అన్నది వాటి ఇష్టం.
- మార్చే ప్రోగ్రాములు: అవతలి రూపంలో సమానమైన ట్యాగు లేకపోయినా పాఠాన్ని తప్పనిసరిగా ఉంచాలి.
- తెలియని తీవ్రత విలువ: ‘ప్రాణాపాయం’గా భావించాలి.
- హెచ్చరికలో హెచ్చరిక: రాసేవారు పెట్టకూడదు. ఎదురైతే ప్రోగ్రాము రెంటినీ వరుసగా వచ్చిన రెండు హెచ్చరికలుగా చూడాలి.

నమూనా వాడుకను ఒకసారి మళ్లీ చూడండి. అందులో ‘హెచ్చరిక!’ అన్న మాట లేదు, అంటే మన నియమం ప్రకారం అది తప్పు పత్రం. నిర్వచనాన్నీ ఉదాహరణనూ వేర్వేరు రోజుల్లో రాసే స్పెసిఫికేషన్లలో ఇలాంటి పొరపాటు సులువుగా దూరుతుంది, చదివేవారేమో ఉదాహరణనే నకలు తీసుకుంటారు. అందుకే విడుదలకు ముందు స్పెసిఫికేషన్‌లోని ప్రతి ఉదాహరణనూ తనిఖీ ప్రోగ్రాముకు ఇవ్వండి. అది పట్టలేని నియమాలను, ఇప్పుడు చూసినలాంటివాటిని, పక్కన మరో మనిషిని కూర్చోబెట్టుకుని ఒక్కొక్కటిగా చదివి సరిచూడండి.